తొర్రి

దోలోన్ కనుమ ఎక్కేటప్పుడు మాత్రమే చచ్చిపోతుందట.
దిగేటప్పుడు కాదు, ఊళ్ళో కాదు,
మూడో మలుపు దాటి, ఇంజన్ బాగా కాగాక.
నలభై నిమిషాలు చల్లారనిస్తే
ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేస్తుందట.

షేరాలీ ఇదంతా చెప్పింది అనార్‌కుల్ అక్కతో.
నేను నారిన్ గ్యారేజీలో లైటు పట్టుకునేవాణ్ణి.
మార్చి నెల. షెడ్డు రేకుల మీద మంచు కరిగి
ఒక్కో చుక్కా నా మెడలోకి దారి వెతుక్కుంటోంది.

"డీజిల్ పంపు మార్చాను. ఫిల్టర్లు మార్చాను.
చివరికి క్రాంక్ సెన్సర్ కూడా కొత్తది వేశాను,
బిష్కెక్ బజారులో, నా ముందే పెట్టె సీలు విప్పి ఇచ్చాడు.
పద్నాలుగు మంది ప్రయాణికులు, ఒక గొర్రె,
ఆ గాలిలో నిలబడి నన్ను తిట్టారు."
గొర్రె కూడానా, అంది అక్క.

ఆమె దేన్నీ నమ్మదు. సీలుని అసలే నమ్మదు.
వ్యాను కింద దూరి, చేత్తో తడుముకుంటూ,
గేర్‌బాక్సు ఇంజన్‌ని కలిసే చోట ఒక్క బోల్టు విప్పి
బొటనవేలంత నల్లటి ముక్కని బయటికి లాగింది.

చక్రం సంగతి అప్పుడే చెప్పింది నాకు.
అరవై పళ్ళుండాల్సిన చోట యాభై ఎనిమిదే.
రెండు కావాలనే పీకేశారు.
పన్ను, పన్ను, పన్ను అని లెక్కపెట్టుకుంటూ పోయే సెన్సర్
తొర్రి దగ్గర ఒక్క క్షణం తడబడుతుంది.
ఆ తడబాటే ఇంజన్‌కి ఆనవాలు,
తానెక్కడుందో, డీజిల్ ఎప్పుడు చిమ్మాలో.
నిండు పళ్ళ చక్రమైతే
ఎంత తిరిగినా మొదలెక్కడో తెలీదు.

మల్టీమీటర్ ముళ్ళు రెండూ ఆనించింది.
తొమ్మిది వందల ఓమ్‌లు.
"చూశావా, బాగానే ఉంది!" అన్నాడు షేరాలీ.
అక్క ఫ్లాస్కు మూత తీసి
తను తాగాల్సిన ఉప్పు టీని గిన్నెలో పోసి
సెన్సర్‌ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో ముంచింది.

ముగ్గురం అంకెల మీదికి వంగాం.
తొమ్మిది వందల నలభై. వెయ్యి. వెయ్యీ తొంభై.
అక్కడిదాకా వేడికి రాగి చేసే పనే.
తర్వాత తెర మీద ఒక్క అంకె కూడా లేదు.
లోపల వెంట్రుకంత తీగ, ఎక్కడో, చేయి వదిలేసింది.
టీ చల్లారింది. తొమ్మిది వందల పది.
ఏమీ ఎరగనట్టు.

షేరాలీ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
"పాతది పారేశావా?"
సీటు కింద, వార్తాపత్రికలో చుట్టి ఉంది.
మొనకి గడ్డం మొలిచినట్టు ఇనుప రజను.
అయస్కాంతం కదా, దొరికిందల్లా పోగేసుకుంది.
కాగినప్పుడు దాని గొంతు ఎలాగూ తగ్గుతుంది,
ఆ మిగిలిన మాటా గడ్డంలో చిక్కుకుపోయేది.
గుడ్డతో తుడిచింది. వేడి టీ మళ్ళీ పోసింది.
అంకె పెరిగింది, పెరిగి, నిలబడింది.

అయినా అక్క ఊరుకోలేదు.
బిగించి, మీటర్‌ని వోల్టుల వైపు తిప్పి, "తిప్పు" అంది.
స్టార్టర్ గరగరమంది. ఒకటి. ఒకటిన్నర.
ఇంజన్ అందుకుంది.

ఫ్లాస్కు ఖాళీ అయినందుకు కూడా డబ్బిచ్చి
షేరాలీ హారన్ కొట్టుకుంటూ పోయాడు.
అక్క మాత్రం ఆ గుడ్డని వెలుతురుకి పట్టుకుని
అంటిన రజనుని గోటితో కదుపుతోంది.
"ఇవి ఎవరి పళ్ళురా?" అంది.