ఇరవై ఆరు గ్రాముల చిల్లర

మంచు కురిసిన మంగళవారం, ఎల్కో ఊళ్ళో,
"హాల్వర్సన్ నాణేలు, వాచీ బ్యాటరీలు కూడా"
అని రాసున్న తలుపు తోసుకుని
నెకానె ఉర్రుతియా వచ్చింది, చంకలో కాఫీ డబ్బాతో.
"మా తాత గొర్రెలు కాసిన జీతం," అంది.
"ఇంటి కప్పు కారుతోంది."

తువాలు పరిచి ఒక్కోటీ పెట్టాను.
నలభై మూడు వెండి డాలర్లు.

"తోమావా?"
"లేదు."
హమ్మయ్య.
ఆ నలుపు మురికి కాదు తల్లీ,
వందేళ్ళ గాలి తీరిగ్గా వేసిన రంగు.
బేకింగ్ సోడాతో తళతళలాడించి తెస్తారు కొందరు;
వాళ్ళకి ధర చెప్పేటప్పుడు
కిటికీ వైపు చూస్తూ చెబుతాను.

కాటా మీద ఇరవై ఆరు గ్రాముల చిల్లర తూగాలి.
ఆ చిల్లరలోనే ఉంటుంది దొంగతనమంతా.
చేతులు మారి అరిగినది కొంచెం తగ్గినా తప్పుపట్టను,
నా మోకాళ్ళూ అరిగాయి.
దొంగ నాణేనిది వేరే తరుగు:
ముఖం నిన్న పుట్టినట్టుంటుంది,
ఒంట్లో మాత్రం సత్తువుండదు.

అయస్కాంతం చూపించాను, ఏదీ కదల్లేదు.
వేలి కొసన నిలిపి పెన్సిలుతో తట్టాను:
వెండి అయితే మాట అన్నాక కూడా
కాసేపు ఆ మాట మీదే నిలబడుతుంది.
సీసం కలిసినది ఠక్కున నోరు మూసుకుంటుంది.

స్వేచ్ఛాదేవి చెవి పైన జుట్టు పాయలు,
డేగ రొమ్ము మీద ఈకలు,
ఎన్ని మిగిలితే అన్ని డబ్బులు.
చాలావరకు బార్లలో, పేకాట బల్లల మీద
బతుకు చూసినవే. మామూలు ధర.

ముప్పై ఎనిమిదోది తిప్పాను.
పద్దెనిమిది వందల ఎనభై తొమ్మిది.
దండ ముడి కింద రెండు సీ అక్షరాలు.
కార్సన్ సిటీ!
ఈకలన్నీ ఉన్నాయి.
కప్పేమిటి, కొత్త వంటగది కూడా వస్తుంది.

నేను ఊపిరి బిగపట్టడం ఆమె చూసింది.
అది నా తప్పు. ఈ వ్యాపారంలో
మన ముఖం కూడా నాణెంలా ఉండాలి.

డెబ్భై తొమ్మిదిలో ఇలాంటిదే ఒకటి కొన్నాను,
దీపం దగ్గర పెట్టి చూడకుండా.
ఆ తర్వాత రెండు చలికాలాలు
హీటర్ లేని కారులో తిరిగాను.
అందుకని లెన్సు మార్చాను.

నేలలోంచి మొలిచిన మొక్క మొదట్లో
మట్టి దానితో పాటే లేస్తుంది.
తెచ్చి గుచ్చిన కొమ్మ చుట్టూ సందు మిగులుతుంది.
ఈ రెండక్షరాల చుట్టూ
వెంట్రుకంత సందు.

ఎలా చెప్పను?
బరువు నిజం. మోత నిజం. దేవి ముఖం నిజం.
ఫిలడెల్ఫియాలో ఆ ఏడు
రెండు కోట్లకు పైగా అచ్చుపడ్డ మామూలు పిల్లల్లో ఒకటి.
ఫిలడెల్ఫియా తన పేరు రాసుకోదు.
ఖాళీ చోటు చూసి ఎవడో
ఊరి పేరు అతికించాడు.
"నాణెం అబద్ధం కాదు," అన్నాను.
"దాని ఊరు అబద్ధం."

ఏడుస్తుందేమోనని రుమాలు వెతుకుతుంటే
నవ్వింది. పగలబడి, బల్ల పట్టుకుని.
"మా తాత కాగితాల్లో
పుట్టిన చోటు విన్నెమక్క అని ఉండేది.
సముద్రం దాటి వచ్చినవాడు.
ఆ ఊరి పేరు చచ్చేదాకా ఆయనకి నోరు తిరగలేదు.
ఇరవై డాలర్లిచ్చి రాయించుకున్నాడట."

నలభై రెండింటికి లెక్క కట్టాను.
కప్పు సగం అవుతుంది.
మిగతా సగానికి వసంతం దాకా బకెట్లు పెట్టుకుంటానంది.
దీనికి వెండి ధరే ఇవ్వగలను,
ఒళ్ళు చెక్కారు కదా, అన్నాను.
అమ్మనంది.

కోటు జేబులో వేసుకుని వెళ్తూ వెళ్తూ
తలుపు తీసి ఆగింది.
బయటికి తీసి, నాలాగే వేలి కొసన నిలిపి,
గోరుతో తట్టింది.

ఇద్దరం వింటూ ఉన్నాం.
తెరిచిన తలుపులోంచి
చలి లోపలికి వస్తూనే ఉంది.