పదేండ్ల అడ్రసులు

మద్దూరు మీసేవల పోరడు
నా బొటనేలును నాలుగు తాపలు అద్దం మీద ఒత్తిచ్చిండు.
రాలే.
తడిగుడ్డతోని తుడిచిండు.
"తలెంటికలకు రుద్దుకో అక్కా, జర నూనె అంటాలె."
రుద్దుకున్న. అయినా రాలే.
"గీతలు ఏడ పోయినయక్కా?"
భీవండిల, పూణెల, ఇంకేడనో,
సిమెంటు తట్టల కింద.
ఎవరి ఇంటి గోడనో గీకితె దొరుకుతయి.

హాస్టల్ల ఆయమ్మ పని.
నూట ఎనభై మంది ఆడపిల్లలు.
పోలీసు కాయిదం లేంది గేటు లోపల
అడుగు పెట్టనియ్య అన్నది పెద్దమేడం.
వంటపనికి వచ్చిన బుగ్గమ్మ దారిపొడుగునా గులిగింది:
"మనమేమన్న దొంగలమా?"
నేను గులగలే.
అడగాలె. అందర్నీ అడగాలె.

ఫారంల ఒక గడి ఉన్నది:
పదేండ్ల సంది ఏడేడ ఉన్నవో చెప్పాలె.
చెప్పిన.
పూణెల బ్రిడ్జి కింద, మూడో కంబం కాడ.
థానేల రేకుల షెడ్డు, నంబరు లేదు, ముంగట మోరి పారుతది.
ఒక ఎండకాలమంత పద్నాలుగో అంతస్తుల,
ఇంకా గోడలు లేవనప్పుడు.
గోడలు లేసినంక మేము లేసి వచ్చినం.
పోరడు టైపు కొట్టుడు ఆపి నా దిక్కు చూసిండు.
"పిన్‌కోడు?" అన్నడు, మెల్లగ.

వేళ్లు పలకలేదని ఆఖరుకు కన్ను తీస్కున్నరు.
"రెప్ప కొట్టకు అక్కా."
కొట్టలే.

వారం దినాలకు కానిస్టేబులు వాడకొచ్చిండు.
బండి దిగక ముందే కిరాణం ఆశన్నను అడిగిండు:
"కురుమమ్మ ఎసొంటిది?"
"రెండొందల నలభై ఇయ్యాలె సార్. ఇస్తది."
అది రాసుకున్నడో లేదో తెల్వది.

నన్ను అడిగిండు: "నీ మీద కేసులేమన్న ఉన్నయా?"
లేవు సారు.
"ఎన్నడన్న స్టేషన్ల అడుగు పెట్టినవా?"
పెట్టలే.
పెట్టాల్సి ఉండె.
ఆ మాట పండ్ల కాడికి వచ్చి ఆగింది.

థానే షెడ్డుల మేస్త్రి.
వాని పేరు నా నాలికె మీదికి ఇప్పటికీ రాదు.
మేము తట్టలు మోస్తుంటె పిల్లల్ని చూస్కునేటోడు,
బిస్కీటు పుడలు తెచ్చేటోడు,
పాపం మంచోడు అనుకునేటోళ్లం.
మన్నెమ్మ బిడ్డ తొమ్మిదేండ్లది
ఒక పొద్దు సంది మాట బంద్ పెట్టింది.
పెద్దమనుషులు కూసున్నరు.
బాకీ ఉన్నది, నోరు ముయ్యిన్రి అన్నరు.
రాత్రికి రాత్రి మూటలు కట్టినం.
నేను గూడ కట్టిన.

గంతే. ఏడ రాసి లేదు.
ఇయ్యాల వాడు ఏ బడి కాడికన్న పోయి వేలు పెడితె
గీతలు సక్కగ పడ్తయి,
వాడెన్నడు తట్ట మొయ్యలే గద.
వాని కాయిదం తెల్లగ వస్తది, నా లెక్కనే.

నెలా పది దినాలకు నాది వచ్చింది.
నాకు సదువు రాదు.
హాస్టలు వరండల జడేసుకుంటున్న
ఏడో తరగతి పిల్లకిచ్చిన.
రిబ్బను పండ్ల నడుమ పట్టుకోనే చదివింది:
"ఎటువంటి నేర... చరిత్ర... లేదు."
రిబ్బను తీసి నవ్వింది.
"చరిత్ర మాకు సోషల్‌ల ఉంటది పెద్దమ్మా, రాజులది.
నీకు లేదని రాసిన్రు."
ఉన్నది బిడ్డా,
అనలే.

కాయిదం మేడం బల్ల మీద పెట్టి
ముందుగాల బాత్రూముల గొళ్లాలు చూసిన.
ఏడింట్ల మూడు పడ్తలేవు.
వాచుమన్‌ను సుత్తె అడిగిన. ఇచ్చిండు.
"నీ కాయిదం ఏది?" అని గూడ అడిగిన.
నవ్విండు.
సుత్తె చేతుల పట్టుకొని
ఆడనే నిలబడ్డ.