గీతల్లేని ముగ్గు

రాత్రి నా జీపు ఎవరింటి ముందర నిలబడిందో
గుత్తిలో ఎవరూ అడగబన్లేదు.
తెల్లారి వాకిట్లో చూస్తే సాలు,
గచ్చు మీద నాలుగైదు నల్లచుక్కలు,
మురిగిన గుడ్డు వాసన.

"చుక్కలు పెట్టేది నీ బండి,
గీతలు కలిపేది నేనా?"
సుంకమ్మ పొరక ఇసిరికొడతాది.
బూడిద చల్లి, ఇటుకపెళ్లతో రుద్ది రుద్ది
చెయ్యి నొప్పి పుట్టినాక
గచ్చు నల్లగానే ఉంటాది.

మూడు లక్షల పద్దెనిమిది వేల కాడ
మీటరు అంకె ఆగిపోయి ఏడేండ్లు.
ఆ పైన తిరిగింది లెక్కలో లేదు:
పెద్దవడుగూరుకు శెనక్కాయ పీకే కూలోళ్లు,
పామిడి నుంచి నైటీల మూటలు,
ఒక రాత్రి నొప్పులతో ఒకామె.
రైల్వేగేటు పడింది.
గూడ్సు ఇంకా పోతానే ఉంది,
ఎనక సీట్లో బిడ్డ ఏడ్చింది.
ఇవన్నీ గుంజిన గేరుబాక్సు
ఇప్పుడు లీటరు గేరాయిలు నిలుపుకోలేదు.

హైవే పక్కన దాదాఖలందర్ రేకుల షెడ్డు.
మొదటి తూరి సీలు మార్చినాడు.
పదైదు దినాలు వాకిలి శుభ్రం.
పదహారో పొద్దు, చుక్క.

రెండో తూరి షాఫ్టు బయటికి తీసి
నా వేలు పట్టుకొని దాని మీద పెట్టినాడు.
"తగుల్తాందా గాడి?
ముప్పై ఏండ్లు ఒకే తావున రాసుకుంటే
రబ్బరుకే ఇనుము లొంగింది సూడు."
కొత్త సీలును అర నూలు లోపలికి దిగ్గొట్టి
గాడి పడని ఇనుము మీద కూర్చోబెట్టినాడు.
ఆ తెలివికి నేను మురిసిపోయి
అడిగిందాని కంటే యాభై ఎక్కువిచ్చినా.
నెల తిరిగింది.
చుక్క.

మూడో తూరి షెడ్డు కాడికి పోయేముందు
పాతినుము అంగట్లో కిలో ఎంతని అడిగినా.
జీపు వినకుండా, దూరంగా నిలబెట్టి.

దాదాఖలందర్ తిట్టలేదు, ఓదార్చలేదు.
కిరసనాయిలుతో గేరుబాక్సంతా కడిగి
ఎండకు ఆరబెట్టి అడిగినాడు:
"ఉరుకుందప్పా, ఇంట్లో మొగానికి పూసే పౌడరుందా?"

గూట్లో డబ్బా ఉన్నింది. తెచ్చినా.
సగం డబ్బా చల్లినాడు.
నల్లటి ఇనుము
పెండ్లికి తయారైన ముసల్దాని మాదిరి తెల్లబడింది.
"పోయి ఒక ట్రిప్పు తిరిగి రాపో."

తిరిగొచ్చినాక ఇద్దరం జీపు కింద దూరి
టార్చి ఏసి చూసినాం.
సీలు కాడ తడి గీత.
గేరు రాడ్డు మొదుట్లో ఇంకొకటి.
పక్క మూత సందులో సన్నగా మరొకటి.
శానాసేపు పలకలేదు.
"మూడు తావుల్లో కారుతాంటే
తప్పు మూడింటిదీ కాదప్పా."

గేరుబాక్సు నెత్తిన గోరంత మూత ఒకటుంది.
బ్రీదరంటాడు. ముప్పై ఏండ్లు తోలినా,
నేను దాన్ని చూడనేలేదు.
ఎర్రదుమ్ము, ఆయిలు కలిసి గట్టిపడి,
దాని మీద కందిరీగ మట్టిగూడు కట్టి,
సందు మూసుకపోయింది.
లోపల వేడెక్కిన గాలికి పోయే దావలేక
దొరికిన సందు నుంచి ఆయిలును తోస్తాంది.

గోనెసంచులు కుట్టే దబ్బనంతో పొడిసినాడు.
బుస్సుమనింది.
చిన్న సద్దే.
ఇద్దరం అట్లే నిలబడిపోయినాం.

"రెండు తూర్లు సీలును తిట్టినాం గదప్పా,"
అన్నాడు, చేతులు తుడుచుకుంటా.
దబ్బనం పనికి లెక్క తీసుకోలేదు.
టీ తాగినాం. దానికీ ఆయనే ఇచ్చినాడు.

రాత్రి జీపు కింద అట్టముక్క పరిసినా.
నిద్ర పట్టలేదు.
చీకటుండంగానే లేచి వంగి చూస్తే
అట్ట పొడిగా ఉంది.
ఒక చీమ మాత్రం అడ్డంగా నడుస్తా ఉంది.

సుంకమ్మ పొరక పట్టుకొని వాకిట్లోకొచ్చింది.
గచ్చు చూసింది. జీపు చూసింది.
తిట్టేదానికి ఏమీ దొరక్క లోపలికి పోయింది.
గూట్లో ఏదో ఎతుకుతా ఉన్న సప్పుడు.

"ఏమయ్యో, నా పౌడరు డబ్బా తేలికైందేమి?"

నేను పలకలేదు.
లోపల గాలి మెల్లగా బిగుసుకుంటాంది.