కుంటిదాని వాటా

మా తాతల కాలంలో ఒక కలాన్ని పాతిపెట్టారు.
కట్టుకథ కాదు. ఇక్కడే, కరమోజా మట్టిలో,
శాపం పెట్టి మరీ పూడ్చారు.
కాగితం మీద పేరెక్కిన కుర్రాళ్ళు
ఎవరిదో యుద్ధానికి వెళ్ళి
తిరిగి రాలేదని.
చాలా ఏళ్ళకి పెద్దలే మళ్ళీ తవ్వి తీశారు.
తీశారు సరే,
ఆ గుంట ఇంకా పూడలేదు.
రోజూ దాన్ని దాటుకుంటూనే నడుస్తాను.

చంకలో హాజరుపట్టీ, చేతిలో కర్ర.
కర్ర కుక్కల కోసం కాదు,
నా ఎడమకాలి కోసం.
ముళ్ళకంచెలో మోకాళ్ళ మీద పాకి దూరే సందు ఉంటుంది మాకు.
ముందు పట్టీని లోపలికి తోస్తాను,
తర్వాత తలని.

లొమొంగిన్ పీట మీంచి లేవలేదు.
"మళ్ళీ వచ్చావా, పేర్లు మేపుకునేదానా?
లోకోల్‌ని తీసుకుపో.
దుమ్ములగొండి పక్కలో పడుకున్నా లేవడు వాడు."
మరి నకిరు?
"నకిరు నీతో వస్తే
నా మేకలు ఎవరితో పోతాయి?"

అదే లెక్క.
మా నాన్నదీ అదే.
అక్కలు ముగ్గురూ మంద వెంట పరుగెత్తగలరు,
బిందె మోయగలరు,
పెళ్ళాడితే ఇంటికి ఆవుల్ని తేగలరు.
నేను దేనికీ పనికిరాలేదు కాబట్టి
బడికి పనికొచ్చాను.
నా చదువు ఎవరి దయా కాదు,
మందలో వెనకబడ్డ కుంటిదాని వాటా.
అక్కలు ఇవాళ క్వారీలో కంకర కొడుతున్నారు.
నా సంతకం చూసి నవ్వుతారు,
మేకపిల్ల మొదటిసారి లేచి నిలబడితే నవ్వినట్టు.

పుట్టిన తేదీ ఎప్పుడని అడిగాను.
"తుపాకులు లాక్కుపోయిన ఏడు కాదు,
ఆ తర్వాత, జొన్న బాగా పండిన ఏడు.
రాత్రి. వాన," అంది వాళ్ళమ్మ.
నకిరు అంటే వానే.
పట్టీలో రోజుకి గడి ఉంది, నెలకి ఉంది,
వానకి లేదు.
అలాంటప్పుడు జనవరి ఒకటి అని రాసేస్తాను.
మా బడిలో నూట నలభైమంది
ఒక్కరోజే పుట్టారు.

మీ మేకలు ఎన్ని, అని ఆ పిల్లనే అడిగాను.
"నాకు లెక్క రాదు."
అని, మందని చూపుతో ఒక్కసారి నిమిరి,
"చెవి చిరిగినదీ, దాని పిల్లా రాలేదు" అంటూ
ముళ్ళపొదల్లోకి పరుగెత్తింది.
అవి రెండూ వచ్చాక
వేలు మడిచి లెక్కపెట్టాను. అరవైమూడు.
రెండుసార్లు తప్పాను కూడా.

చివరికి బేరం తెగింది.
చెప్పుకోవడానికి సిగ్గుపడే బేరం.
ఒక పేరు, ఒక చొక్కా, ఇద్దరు పిల్లలు.
సోమవారం వాడు, మంగళవారం ఇది.
పట్టీలో లోకోల్ ఒక్కడే.
నెలంతా వాడికి నిండు హాజరు.
ఇన్‌స్పెక్టర్ వచ్చి భుజం తట్టి మెచ్చుకున్నాడు.
ఆవేళ గురువారం.
గుండు ఇద్దరిదీ ఒకలాగే ఉంటుంది.
"ఎస్ సర్" అంది,
తమ్ముడి గొంతుతో.

నాకు ఆ రాత్రి గంజి దిగలేదు.

మర్నాడు వాగు ఇసకలో
మేకల మధ్య కూర్చుని కనిపించింది.
పలక లేదు.
బూడిద పూసినట్టు ఎండిన పిక్క మీద
గోటితో గీస్తోంది. తెల్లటి గీతలు.
లోకోల్.
ఉమ్మి రాసి చెరిపి, మళ్ళీ
లోకోల్.
బడిలో తనని పిలిచే పేరు అదొక్కటే కదా,
అదే నేర్చుకుంది.

కర్ర పక్కన పడేసి ఇసకలో కూలబడ్డాను.
పరుగెత్తడం రాని నా ఎడమకాలు చాపి
దాని మీదే గీశాను, ఆరు అక్షరాలు.
చాలాసేపు చూసింది.
"ఇదెవరు?"

నేను చెప్పేలోగా
చెవి చిరిగిన మేక వచ్చి
ఉప్పదనానికి నా కాలు నాకింది.
సగం పేరు పోయింది.

మేకని మోచేత్తో తోసేసి
నాకింకా దగ్గరగా జరిగి
"మళ్ళీ రాయి" అంది.