మడవ

నేను టైపిస్టును.
జడ్చర్లలో లోయర్ పాసై
మెట్టుగడ్డ అవతల రేకుల షెడ్డులో చేరిన.
మోటరు స్టార్టర్లు చేసేటోళ్లం.
మిట్టమధ్యాహ్నం రేకులు కాగితే
రిబ్బను సిరా కరిగి వేళ్లకంటేది.

ఇంజినీరు పేరు నీరటి కుర్మయ్య.
మాట తక్కువ.
చాయ్ సాసర్లో పోసుకొని
తాగుడు మరిచి దాన్నే చూసేటోడు.

ఆ ఏడు మూడువేల చిప్పులు వాపసొచ్చినయి.
కరెంటోళ్లు వేళలు మార్చిండ్రు.
పగటి కరెంటు నడిరాత్రికి పోయింది,
చిప్పులో పాత వేళే కాలి ఉన్నది.
ఒకసారి కాల్చింది కాల్చిందే.
తుక్కులో పొయ్యమన్నడు సేటు.
కుర్మయ్య ఒకటి ఏరి జేబులో వేసుకున్నడు.

తర్వాత పదకొండు నెలలు
గళ్ల కాగితాల మీద ఏందో గీసుడే.
గట్లు, కాలువలు, మూలమూలకు గండ్లు.
"ఏంది సారూ, వరి పెడతరా?" అన్న.
నవ్వంగ చూసుడు అదే మొదలు.
"మా నాయిన పార ఇది.
మడి కట్టినంక గూడ
నీళ్లెటు పోవాల్నో పొద్దుకో తీరు చెప్పొచ్చు.
మట్టి అదే. మడవ మారుతది."

ఉత్తరాది నుంచి పార్సిల్ వచ్చింది,
దూదిల చుట్టిన నాలుగు చిప్పులు.
రెండు చచ్చినయి. రెండు విన్నయి.
సోమవారం స్టార్టరు, మంగళవారం గడియారం,
బుధవారం గేదెపాల తూకం.
కరెంటు పోతే మాత్రం అన్నీ మరిచేది.
సేటు మొహం ముడుచుకుండు.
"తూము కాడికి నాయిన రోజూ పోతుండె గద,"
అన్నడు కుర్మయ్య,
"దీనికీ పొద్దుగాల చెప్పుకోవాలె."

పేటెంటు ఫారంలో ఒక గడి:
ఇంతకుముందు ఇట్లాంటిది ఎవరు చేసిండ్రు?
ఆయన చెప్పిండు, నేను కొట్టిన.
నీరటి మాసయ్య. పెద్దచెరువు తూము.
కరువేడు, చివరాయకట్టు నెర్రెలు బారితే
పటేలు మడవ మూసి
రాత్రికి రాత్రి నీళ్లు అటు తిప్పినోడు.
తెల్లారి కట్టమీదనే దెబ్బలు తిన్నడు.
అప్పటికి చివరి మడి తడిసింది.

ఆఫీసోళ్లు తిప్పి పంపిండ్రు:
దస్తావేజు జతపరచలేదు.
ఆ నాలుగు లైన్లు లేపెయ్యమన్నడు సేటు.
తెల్లసిరా సీసా మూత గూడ తీసిన.
కుర్మయ్య ఏమనలే.
సాసరు దిక్కు చూస్తున్నడు.

మూత పెట్టేసిన.
కొత్త కాగితమెక్కించి మళ్ల అదే కొట్టిన,
ఈసారి కింద కార్బను పెట్టి.
ఏమైందంటే, అది వేరే కథ.
కాపీ నా దగ్గరున్నది.
మా మిషన్ల టి అక్షరం అరిగిపోయి ఉండె,
నీరటి అన్న కాడల్లా
పెన్నుతోని దిద్దిన.