పసుపు చుక్క

థండర్ బేలో ఏప్రిల్ అంటే
మంచు వెళ్ళిపోయి ఉప్పు మిగిలే నెల.
ఆరు నెలలు రోడ్డు మీద చల్లిందంతా
కార్ల పొట్టల కింద కాపురం పెట్టి ఉంటుంది.

లిఫ్ట్ మీద ఆర్చీ ఓగిల్వీ పాత సుబారు.
రెండు కన్వర్టర్లూ పోయాయి.
గొట్టం మీద తడితే లోపల
గులకరాళ్ళ డబ్బా మోత.
"ప్లాటినం ఉంటుందట కదా ఇందులో?" అన్నాను.
"ఉంటుంది. నీకూ నాకూ కాదు.
ముందు బోల్టులు చూడు" అంది ఇర్యా.

చూశాను.
చీమలు తిని వదిలేసిన బెల్లం ముక్కల్లా ఉన్నాయి.
ఆరు పలకల తల
ఒక్క పలకా మిగలక గుండ్రమైపోయింది.

నిన్న సాయంత్రమే నూనె కొట్టి వెళ్ళాం,
రాత్రంతా అది మరల సందుల్లోకి
దొంగలా దూరుతుందని ఆశ.
తెల్లారి మూడు వదిలాయి.
నాలుగోదానికి మంట పెట్టింది ఇర్యా.
నట్టు చెర్రీపండు రంగుకొచ్చాక
పుట్టినరోజు కొవ్వొత్తి ముక్కొకటి తాకించింది.
మైనం సుయ్యిమని లోపలికి పారింది.
"ఊఁ" అంది. విప్పబోయాను.
"అటు కాదు. బిగించు."

బిగించడమా?

"వెంట్రుకవాసి. వదలాలంటే ముందు
ఇంకాస్త పట్టుకోనివ్వాలి.
టిక్కుమంటుంది. అప్పుడు వెనక్కి.
కాస్త వెనక్కి, కాస్త ముందుకి,
మొండి ఆవుని గుమ్మం దాటించినట్టు."
లప్పే దగ్గర పాడి ఇంట్లో పుట్టిన మనిషి,
ఆవుల సంగతి ఆమెకి తెలుసు.

టిక్కుమంది.
చెవితో కాదు,
మోచేతి ఎముకతో విన్నాను.

ఐదోదీ అలాగే.
ఆరోది మాత్రం
ఏ చప్పుడూ లేకుండా మెత్తగా తిరిగింది.
మెత్తన మంచిదే అనుకుని నవ్వాను.
ఇర్యా నవ్వలేదు.
తల నా చేతిలోకి ఊడొచ్చింది.
మొండెం ఫ్లాంజిలోనే ఉంది.

అప్పుడు తిట్టింది. ఫిన్నిష్‌లో మొదలుపెట్టి
ఇంగ్లీషులోకొచ్చి మళ్ళీ ఫిన్నిష్‌లోకే పోయింది.
నన్ను కాదు,
కిందటిసారి దీన్ని బిగించినవాణ్ని.
"రాగి పేస్టు రాయని వెధవ!
గన్నుతో గుద్దేసి ఇంటికెళ్ళిపోయిన వెధవ!
వాడి కాఫీలో ఈ తుప్పే పడ!"

కొత్త నట్టొకటి మొండెం మీద నిలిపి
వెల్డింగు వెలిగించింది. నేను మొహం తిప్పుకున్నాను.
చేతిలో ఉన్న తలని వైరు బ్రష్షుతో
ఊరికే రుద్దుతుంటే
తుప్పు కింద కనిపించింది
ఆవగింజంత పసుపు చుక్క.

ఈ షెడ్డులో ఆ చుక్క పెట్టేది ఒక్కరే.
బిగించిన ప్రతి బోల్టుకీ,
మరిచిపోలేదని తనకి తానే సాక్ష్యం.
వేడికి చావని ఆ పెయింటు సీసా
ఆమె చొక్కా జేబులో, పెన్ను పక్కన,
రోజూ చూస్తూనే ఉన్నాను.

చెప్పాలా?
చెప్పలేదు. బల్ల మీద పెట్టాను,
చుక్క కిందికి ఉండేలా.

వెల్డింగు ఎరుపు ఆరీ ఆరకముందే
మొండెం కదిలింది, కిర్రుమంటూ,
పదకొండేళ్ళు పొడిపొడిగా రాలుతూ.
కొత్త బోల్టు కొలత కోసం ఆమె
బల్ల మీది తలని తీసుకుంది. తిప్పింది.
చాలాసేపు చూసింది.
సరస్సు మీంచి గాలి వచ్చి తలుపు రేకుని కొట్టింది.

"ఆ చలికాలం..." అంది.
ఆ తర్వాత ఏమీ అనలేదు.
ఏ చలికాలమో నేనడగలేదు.

కొత్తవాటికి రాగి పేస్టు తనే రాసింది,
రొట్టెకి వెన్న రాసినట్టు, అంచులదాకా.
టార్క్ రెంచిని ఆరుసార్లు టక్కుమనిపించి
చుక్కల సీసా నా చేతికిచ్చింది.

బిల్లు నేనే రాశాను.
ఐదు బోల్టుల కూలీ వెయ్యమంది.
ఆర్చీ వంగి, వేలుతో చూపిస్తూ లెక్కపెట్టి
"ఆరు కదా?" అన్నాడు.
"ఆరోది పాత బాకీ" అంది,
చేతులు కడుక్కోడానికి వెళుతూ.