పార్కింగ్

మర్రే నది ఒడ్డున మా చిన్న ఊరి కౌన్సిల్లో
మినిట్స్ రాసేది నేనే.
ఎప్పట్లాగే ప్రభువు ప్రార్థనతో సభ మొదలైంది.
అందరం లేచాం. అలవాటుగా నా పెదాలూ కదిలాయి.
వెనక వరుసలో నౌరోజ్ అలీ కూడా లేచాడు,
ద్రాక్షతోట మట్టి ఇంకా గోళ్లలోనే ఉంది.

పాత టైర్ల షెడ్డును మసీదు చేసుకుంటామని అర్జీ.
అభ్యంతరాలు నలభై ఏడు.
ఒక్కరూ దేవుడి పేరెత్తలేదు.
పార్కింగ్ అన్నారు. డ్రైనేజీ అన్నారు.
తన చిలకలకు నిద్ర చెడుతుందని
ఒకావిడ కంటతడి పెట్టింది.
వచ్చే ఎన్నికల్లో నిలబడేవాడు మాత్రం
"మన విలువలు" అని ఆగాడు,
చప్పట్లకు చోటిచ్చి.

నౌరోజ్ అలీకి మూడు నిమిషాలు.
"మేం ముప్పై మందిమి. ఉన్నవి నాలుగు వ్యాన్లు"
అని కూర్చున్నాడు.
మిగిలిన రెండున్నర నిమిషాల్ని
ఏం చెయ్యాలో ఎవరికీ తోచలేదు.

టీ దగ్గర ఆ నిలబడేవాడే నాతో అన్నాడు:
"మీవాళ్లతో ఏ ఇబ్బందీ లేదు."
బిస్కట్ నోట్లో ఉంది. మింగాను.
మా వినాయకుడింకా శేషుకుమారి గారి గరాజ్‌లోనే,
గడ్డి కోసే మిషన్ పక్కన.
మేమూ అర్జీ పెట్టుకునే రోజొకటి రావాలి కదా.

వాయిదా, అని రాసి బయటికొచ్చాను.
కార్లన్నీ వెళ్లిపోయాయి.
ఖాళీ జాగాలో రాత్రి నమాజుకి నిలబడ్డారు వాళ్లు,
తెల్లగీతల మధ్య, భుజానికి భుజం ఆనించి.
హెడ్‌లైట్లు మీద పడతాయని
కాసేపు కారు స్టార్ట్ చెయ్యలేదు.

ఒక కారు పట్టే గడిలో ఆరుగురు.
మళ్లీ లెక్కపెట్టాను. ఆరుగురే.

మినిట్స్‌లో రాయడానికి లేదు,
సభ అప్పటికే ముగిసింది.